తుడిచింది బల్లల్ని, పీల్చింది గాలిని

కోవిడ్ కొత్తగా వచ్చిన 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో చాలా ఇళ్లల్లో గుమ్మం దగ్గర ఒక సరిహద్దు ఉండేది, గుర్తుందా? బయటినుంచి వచ్చిన సంచీ అక్కడే ఆగిపోవాలి. ప్యాకెట్లని ఒక్కొక్కటే తుడిచి, కొన్నిటిని సబ్బునీళ్లతో కడిగి, తుడవడానికి వీల్లేనివాటిని మూడు రోజులు ఓ మూల పడేసి నాలుగో రోజు ముట్టుకునేవాళ్లం. మనిషి వస్తే చెప్పులు బయట, బట్టలు నేరుగా బకెట్లోకి, ఆ తర్వాత స్నానం. నేనూ అన్నీ చేశాను. ఇంటికొచ్చిన ఒక కవర్ని పట్టకారుతో పట్టుకుని తెరిచిన రోజు కూడా ఉంది, ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు ఇంట్లో ఎవరూ నవ్వలేదు. ఇంతా చేసి, సాయంత్రమయ్యేసరికి కిటికీలన్నీ బిగించుకుని అందరం ఒకే గదిలో కూర్చునేవాళ్లం.

ఆ మూడు రోజుల లెక్క ఎవరో ఊహించి చెప్పింది కాదు. 2020 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక చిన్న పరిశోధన వచ్చింది. రాగి మీద 4 గంటలు, అట్టపెట్టె మీద 24 గంటలు, ప్లాస్టిక్, స్టీలు మీద 2 నుంచి 3 రోజుల దాకా బతికున్న వైరస్ కనిపించిందని అందులో ఉంది. ప్రపంచమంతా పట్టుకున్నది ఈ వాక్యాన్నే. కానీ అదే పరిశోధనలో ఇంకో సంగతి కూడా ఉంది: గాల్లో తేలే సన్నని తుంపరల్లో కూడా వైరస్ బతికే ఉంది, ప్రయోగం జరిగిన 3 గంటల చివరిదాకా. ప్యాకెట్ల సంగతి చదివిన మనం గాలి సంగతి దగ్గర ఆగలేదు. ఆగినా ఏం చేయాలో తోచేది కాదేమో, ప్యాకెట్‌ని తుడవొచ్చు, గాలిని గుడ్డ పెట్టి తుడవలేం కదా.

ఉపరితలాల సంగతి ముందు తేల్చేద్దాం. ప్లాస్టిక్ మీద 3 రోజులకి కూడా వైరస్ కనిపించిందంటే పెట్టినంత వైరస్సూ 3 రోజులు అలాగే ఉందని కాదు. ఆ పరిశోధన లెక్కలోనే ప్లాస్టిక్ మీద ప్రతి 7 గంటలకి, కాస్త అటూ ఇటూగా, వైరస్ సగం చచ్చిపోతుంది. సగంలో సగం, అందులో సగం అనుకుంటూ పోతే ఒక్క రోజుకే పదో వంతు కూడా మిగలదు. పైగా ల్యాబ్‌లో వాళ్లు మొదట వేసిన మోతాదు ఎక్కువ, ఎవరో దారిన పోతూ డోర్ హ్యాండిల్ ముట్టుకుంటే అంటేది అంత ఉండదు. ఆ కాస్తా మళ్లీ మీ వేలికి అంటుకుని, వేలినుంచి ముక్కులోకో కంట్లోకో చేరాలి, చేరినప్పటికి ప్రాణంతో ఉండాలి. ఇన్ని మెట్లలో ప్రతి మెట్టు దగ్గరా కొంత రాలిపోతుంది. 2020 జులైలోనే ఎమాన్యుయెల్ గోల్డ్‌మన్ అనే మైక్రోబయాలజిస్టు లాన్సెట్ వారి అంటువ్యాధుల జర్నల్‌లో ఈ భయం అతిగా ఉందని రాశారు. 2021 ఏప్రిల్‌కి అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ కూడా లెక్క చెప్పింది: వైరస్ ఉన్న ఉపరితలాన్ని ఒకసారి ముట్టుకుంటే జబ్బు అంటుకునే అవకాశం సాధారణంగా 10,000లో ఒకటి కంటే తక్కువ అని. అంటే సున్నా కాదు. కానీ మనం దాని మీద పెట్టిన గంటలు, టెన్షన్, చర్మం ఊడొచ్చేదాకా రుద్దుకున్న చేతులు, వాటితో పోలిస్తే చాలా చిన్నది.

మరి గాలిని ఎందుకు వదిలేశారు? దీని వెనక వందేళ్ల కథ ఉంది. ఒకప్పుడు జబ్బులన్నీ చెడుగాలి వల్లే వస్తాయని నమ్మేవాళ్లు. సూక్ష్మజీవుల సంగతి తెలిశాక ఆ నమ్మకాన్ని వదిలించడానికి వైద్యులు చాలా కష్టపడ్డారు. 1910 ప్రాంతంలో చార్లెస్ చాపిన్ అనే అమెరికా ప్రజారోగ్య అధికారి, జబ్బులు ప్రధానంగా తాకడం వల్ల, దగ్గరగా పడే తుంపరల వల్ల వస్తాయి, గాలి భయం మానేసి చేతుల సంగతి చూసుకోండి అని గట్టిగా వాదించాడు. వాదన బాగా గెలిచింది, ఎంత బాగా అంటే తర్వాత గాలి ద్వారా అనే మాట ఎవరన్నా పాతకాలం మనిషిలా చూసేంత. 1930లలో విలియం వెల్స్ అనే ఇంజినీరు, సుమారు 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) కంటే చిన్న తుంపర నేలమీద పడకముందే ఆరిపోయి గాల్లో తేలిపోతుందని చూపించినా, కాలక్రమంలో వైద్య పుస్తకాల్లో తేలేవాటినీ కింద పడేవాటినీ విడదీసే గీత 5 మైక్రాన్ల దగ్గర పడింది. అంతకంటే పెద్దవన్నీ ఒకటి రెండు మీటర్లలో కింద పడిపోతాయని పాఠం చెప్పారు. ఆరడుగుల దూరం సూత్రానికి బలం ఇచ్చింది ఈ పాఠమే. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ సోషల్ మీడియాలో కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదు అని ఖాయంగా రాసేసింది. జులైలో లిడియా మొరావ్‌స్కా, డొనాల్డ్ మిల్టన్ రాసిన బహిరంగ లేఖకి మొత్తం 239 మంది శాస్త్రవేత్తలు మద్దతు పలికారు, గాలిని పట్టించుకోండి మహాప్రభో అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సమాచారంలో గాలి ద్వారా అనే మాటని సూటిగా వాడటానికి 2021 వచ్చింది. ఈలోపు ప్రపంచం ఎన్ని లీటర్ల శానిటైజర్ వాడి ఉంటుందో ఊహించుకోండి.

పొగ తాగే మనిషిని ఊహించుకుంటే ఈ విషయం తేలిగ్గా అర్థమవుతుంది. మన ముక్కులోంచి, నోట్లోంచి వచ్చే సన్నటి తుంపరలు సిగరెట్ పొగలాగే ప్రవర్తిస్తాయి. మనిషి ఎదురుగా నిలబడితే ఘాటుగా తగులుతుంది, రెండడుగులు వెనక్కి వేస్తే తగ్గుతుంది, ఆరుబయట అయితే క్షణంలో చెదిరిపోతుంది. తలుపులు మూసిన గదిలో అయితే ఆ మూల కూర్చున్నవాడికి కూడా కాసేపటికి వాసన కొడుతుంది, తాగినవాడు లేచి వెళ్లిపోయాక వచ్చినవాడికి కూడా. అట్టముక్క అడ్డం పెట్టుకుంటే పొగ ఆగదు, చుట్టూ తిరిగి వస్తుంది. ఈ ఒక్క పోలిక గుర్తుంటే సగం ప్రశ్నలకి ఎవర్నీ అడగక్కర్లేదు.

రెండు సంఘటనలు చెప్తాను. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, స్కాజిట్ కౌంటీలో 61 మంది బృందగాన సాధనకి కలిశారు. గుమ్మం దగ్గర శానిటైజర్ పెట్టుకున్నారు, షేక్‌హ్యాండ్లు, కౌగిలింతలు మానుకున్నారు. రెండున్నర గంటలు పాడారు. అందులో ఒకరికి జలుబు లాంటి లక్షణాలున్నాయి. పరీక్షలో తేలినవీ, లక్షణాల్ని బట్టి లెక్కేసినవీ, ఆ మొదటి వ్యక్తితో సహా కలిపి 53 కేసులు, ఇద్దరు చనిపోయారు. వాళ్లు అప్పటికి తెలిసిన జాగ్రత్తలు తీసుకున్నవాళ్లే. రెండోది అదే కాలంలో సియోల్‌లో, ఒక భవనం 11వ అంతస్తులో ఉన్న కాల్ సెంటర్. ఆ అంతస్తులో పనిచేసే 216 మందిలో 94 మందికి సోకింది, ఎక్కువమంది హాల్లో ఒకే వైపు కూర్చున్నవాళ్లు. నాకు ఆసక్తిగా అనిపించేది మిగతా అంతస్తుల సంగతి. అవే లిఫ్టులు, అవే బటన్లు, అదే లాబీ వాడుకున్న వందలమందిలో పాజిటివ్ వచ్చింది ముగ్గురికే. లిఫ్ట్ బటన్ అంత ప్రమాదమే అయితే జబ్బు భవనమంతా పాకాలి. గంటల తరబడి పక్కపక్కన కూర్చుని ఒకే గాలి పీలుస్తూ మాట్లాడుతూనే ఉన్నవాళ్ల దగ్గర అది ఆగిపోయింది.

ఇంట్లో చేయాల్సింది దీన్ని బట్టే. గాలి మారాలి. సీలింగ్ ఫ్యాన్ గాలిని మార్చదు, ఉన్న గాలినే కలియబెడుతుంది. గోడకి పెట్టే ఏసీ కూడా చాలావరకు అంతే, గదిలో గాలినే లోపలికి లాక్కుని చల్లబరిచి మళ్లీ వదులుతుంది, బయటి గాలి చుక్క కూడా రాదు, పైగా ఏసీ కోసం కిటికీలు మూస్తాం. ఎదురెదురు కిటికీలు రెండు కాస్త తెరిచి ఉంచినా, ఒక కిటికీ తెరిచి వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినా తేడా చాలా ఉంటుంది. లెక్క కావాలంటే ఇదిగో: గదిలో గాలి గంటకి ఒకసారి మారుతుంటే, తేలుతున్న తుంపరల్లో 95 శాతం పోవడానికి దాదాపు 3 గంటలు పడుతుంది. గంటకి 5 సార్లు మారుతుంటే సుమారు 36 నిమిషాలు చాలు. సీడీసీ 2023 మేలో భవనాలకి లక్ష్యంగా చెప్పింది కూడా ఈ 5 అంకెనే, అప్పటికి కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించేసింది కూడా. పెళ్లయ్యాక ముహూర్తం పెట్టినట్టు.

గాలి మారుతోందో లేదో కంటికి కనపడదు కాబట్టి కొందరు కార్బన్ డయాక్సైడ్ మీటర్ పెట్టుకున్నారు. ఇది వైరస్‌ని కొలవదు. మనం వదిలే ఊపిరిలో ఈ వాయువు దాదాపు 40,000 పీపీఎం (పది లక్షల వంతుల్లో 40,000 వంతులు) ఉంటుంది, బయటి గాలిలో సుమారు 420. గదిలో మీటర్ 800 చూపిస్తే మీరు పీల్చే ప్రతి వంద వంతుల్లో ఒక వంతు అప్పటికే ఎవరో వదిలిన ఊపిరి అన్నమాట. 1,600 చూపిస్తే మూడు వంతులు. చదవడానికే అదోలా ఉంది కదా? బస్సులో, మీటింగ్ గదిలో, తలుపులు మూసిన పడగ్గదిలో తెల్లారేసరికి ఈ అంకె ఎక్కడికి పోతుందో ఒకసారి చూసినవాళ్లు కిటికీ సంగతి మళ్లీ మర్చిపోరు. కిటికీలు తెరిచే వీలు లేకపోతే హెపా ఫిల్టర్ (సన్నటి కణాల్ని కూడా పట్టేసే వడపోత) ఉన్న ప్యూరిఫయర్ సాయపడుతుంది. అది కొనలేనివాళ్ల కోసం రిచర్డ్ కోర్సీ, జిమ్ రోసెంతాల్ అనే ఇద్దరు నాలుగు ఫిల్టర్లని డబ్బాలా నిలబెట్టి పైన మామూలు ఫ్యాన్ బిగించి టేపు వేసే పద్ధతి చెప్పారు. చూడ్డానికి స్కూలు పిల్లల ప్రాజెక్టులా ఉంటుంది, పని మాత్రం బాగానే చేస్తుంది. ఒకటి గుర్తుంచుకోవాలి, ఫిల్టర్ వల్ల కార్బన్ డయాక్సైడ్ తగ్గదు, కాబట్టి అది పెట్టుకున్న గదిలో మీటర్ అంకె చూసి కంగారు పడొద్దు.

మాస్క్ దగ్గర ఒక పాత సందేహం ఉంది: వైరస్ 0.1 మైక్రానే, గుడ్డ రంధ్రాలు అంతకంటే పెద్దవి, దోమతెరలోంచి ఇసుక రాదా అని. ఫిల్టర్ జల్లెడ కాదు. పెద్ద కణాలు వేగంగా వచ్చి మలుపు తిరగలేక దారాలకి గుద్దుకుంటాయి. మరీ చిన్నవి గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ ఊగుతూ ఎక్కడో ఒకచోట దారానికి అతుక్కుంటాయి. తప్పించుకునేవి మధ్య సైజువి, 0.3 మైక్రాన్ల దగ్గరివి. అందుకే ఎన్95ని ఆ కష్టమైన సైజు దగ్గరే పరీక్షించి, కనీసం 95 శాతం ఆపితేనే ఆ పేరు ఇస్తారు. దాని పొరల్లో స్థిరవిద్యుత్తు కూడా ఉంటుంది, కణాల్ని లాక్కోవడానికి. సబ్బుతోనో ఆల్కహాల్‌తోనో శుభ్రం చేస్తే ఆ విద్యుత్తు పోతుంది. శుభ్రత పేరుతో మంచి మాస్క్‌ని ఉతికి పాడుచేసినవాళ్లు ఎందరో. విడిగా తగిలించి కొన్ని రోజులు వదిలేసి మళ్లీ వాడుకోవడం నయం. ముక్కు దగ్గర, చెంపల దగ్గర సందులుంటే మాత్రం ఎంత మంచి ఫిల్టరైనా గాలి సందులోంచే పోతుంది, అడ్డంకి లేని దారి అదే కాబట్టి.

ఇంత చెప్పాక చేతులు కడగడం దండగ అనుకుంటారేమో, కాదు. సబ్బు అణువుకి రెండు కొసలుంటాయి, ఒకటి నీటిని పట్టుకుంటుంది, రెండోది కొవ్వుని. కరోనా వైరస్ చుట్టూ ఉన్న పొర కొవ్వుతో చేసిందే. సబ్బు అందులోకి దూరి దాన్ని చీల్చేస్తుంది, మిగిలింది నీళ్లతో పోతుంది. దీనికి కాస్త టైమ్ కావాలి, 20 సెకన్లు రుద్దమనేది అందుకే. ఇందులో యాంటీ బాక్టీరియల్ అని రాసి ఉన్న సబ్బు, మామూలు సబ్బు తేడా ఏమీ లేదు. శానిటైజర్‌లో కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉండాలి, అలాగని 100 శాతం ఉంటే ఇంకా మంచిది అనుకోకండి, ప్రొటీన్లని చెడగొట్టడానికి కొంత నీరు అవసరం, పైగా నీళ్లు లేని ఆల్కహాల్ పని అయ్యేలోపే ఆవిరైపోతుంది. జిడ్డుగా, మట్టిగా ఉన్న చేతుల మీద శానిటైజర్ సరిగ్గా పనిచేయదు. వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్‌కి ఆ కొవ్వు పొరే ఉండదు, దాని మీద శానిటైజర్ బలం తక్కువ, నీళ్లూ సబ్బే దిక్కు. కాబట్టి చేతుల అలవాటు వల్ల లాభపడ్డది కోవిడ్ విషయంలో కంటే మిగతా జబ్బుల విషయంలో ఎక్కువ అనుకోవచ్చు.

మాటల్లో మాట. అందరూ మాస్కులు పెట్టుకుని, ప్రయాణాలు మానుకుని, దూరంగా ఉన్న ఆ రోజుల్లో ఫ్లూ దాదాపు కనపడకుండా పోయింది. ఫ్లూలో బి యమగాటా అని ఒక రకం ఉండేది, 2020 మార్చి తర్వాత అది ఖాయంగా ఎక్కడా దొరకలేదు, చివరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని టీకాలోంచే తీసేయమంది. దాన్ని అంతం చేయాలని ఎవరూ అనుకోలేదు!

బ్లీచ్ దగ్గర మాత్రం మనం చేసిన పనులు దండగ అని ఊరుకోవడానికి లేదు, ప్రమాదం కూడా. 2020 మేలో సీడీసీ అమెరికాలో 502 మంది పెద్దల్ని అడిగితే 39 శాతం మంది, తినే వస్తువుల్ని బ్లీచ్‌తో కడగడం, క్రిమిసంహారకాన్ని ఒంటికి రాసుకోవడం, కావాలని పీల్చడం లాంటి వాటిలో ఏదో ఒకటి చేశామని ఒప్పుకున్నారు. బ్లీచ్‌ని టాయిలెట్ కడిగే యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో కలిపితే క్లోరమిన్లు వస్తాయి, రెండూ ఊపిరితిత్తుల్ని కాల్చేవే. రెండు మందులు కలిపితే రెట్టింపు శుభ్రం అనే ఆలోచన దగ్గరే కొంప మునుగుతుంది. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నప్పుడు వాడాల్సి వస్తే 5 శాతం బ్లీచ్‌ని లీటరు నీటికి 20 మిల్లీలీటర్ల చొప్పున, చల్లటి నీళ్లలో, కిటికీ తెరిచి, ఏ రోజుకారోజు కలుపుకోవాలి. ముందు సబ్బుతో మురికి తీయాలి, లేకపోతే బ్లీచ్ బలమంతా మురికి మీదే ఖర్చయిపోతుంది. పూసిన వెంటనే తుడిచేస్తే లాభం లేదు, కనీసం ఒక నిమిషం తడిగా ఉండనివ్వాలి. మనుషుల మీద చల్లడం గురించి చెప్పేదేముంది, ఎప్పుడూ, ఎక్కడా చేయకూడదు. కూరగాయలకి మంచినీళ్లు చాలు, సబ్బు కడుపులోకి పోతే అదో బాధ.

ఆఫీసుల్లో, దుకాణాల్లో జరిగింది ఇంకా విచిత్రం. నుదుటి మీద థర్మామీటర్ గన్ పెట్టి లోపలికి పంపేవాళ్లు. ఈ జబ్బు లక్షణాలు కనిపించడానికి రెండు రోజుల ముందునుంచే అంటించగలదు, కొందరికి జ్వరమే రాదు, వచ్చినవాడు మాత్ర వేసుకుని వస్తే గన్ పచ్చదీపమే చూపిస్తుంది. బల్లల మధ్య ప్లాస్టిక్ అడ్డాలు నిలబెట్టారు, ఎదురుగా తుమ్మితే పెద్ద తుంపరలు ఆగుతాయి నిజమే, సన్నటివి పొగలా చుట్టూ తిరిగి వస్తాయి, కొన్నిచోట్ల అడ్డాల వల్ల గాలి కదలడమే తగ్గింది. నేను అప్పట్లో పనిచేసిన ఒకచోట గంటకోసారి బల్లలు తుడిచేవాళ్లు, తుడిచినట్టు సంతకం పెట్టే కాగితం కూడా గోడకి ఉండేది. మీటింగులు మాత్రం కిటికీ లేని గదిలోనే, భోజనం అందరూ ఒకేసారి మాస్కులు తీసి ఒకే గదిలోనే. తుడిచే మనిషి కనిపిస్తాడు, యాజమాన్యం ఏదో చేస్తోందని తెలుస్తుంది. గాలి గొట్టాల్లో ఫిల్టర్ మార్చితే ఎవరికి కనిపిస్తుంది?

ఇంటినుంచి పని చేయగలిగినవాళ్లకి ఈ గొడవ తప్పింది, వాళ్ల కష్టాలు వేరు, ఒకే బల్ల మీద పిల్లల పాఠాలు, మీటింగులు, వంట, దాంతోపాటు ఈ తుడవడాలన్నీ, చాలా ఇళ్లల్లో అవి పడ్డది ఆడవాళ్ల మీదే. బయటికి వెళ్లక తప్పనివాళ్ల విషయంలో అన్నిటికంటే పెద్ద జాగ్రత్త శుభ్రతతో సంబంధం లేనిది: జీతం పోని సెలవు. పొద్దున లేవగానే గొంతు నొప్పిగా ఉంది, వెళ్లకపోతే ఆ రోజు కూలి పోతుంది అన్న మనిషి వెళ్తాడు, దగ్గు మింగుకుని పక్కవాడి దగ్గర నిలబడతాడు. అతన్ని తప్పుపట్టడం తేలిక. ఆ గుమ్మం దగ్గర ఎన్ని సీసాల శానిటైజర్ పెట్టినా అతను పీల్చి వదిలే గాలి మారదు.

ఇంట్లో ఎవరికైనా వస్తే ఏం చేయాలి అంటే, నేనైతే ఇలా చేస్తాను. ఆ మనిషికి ఒక గది, ఆ గది కిటికీ తెరిచి, తలుపు మూసి. వీలైతే కిటికీలో బయటివైపు తిరిగి ఉండేలా ఒక ఫ్యాన్ పెడితే గది గాలి ఇంట్లోకి కాకుండా బయటికి పోతుంది. లోపలికి వెళ్లాల్సి వస్తే ఇద్దరికీ మాస్క్, వెళ్లినపని చూసుకుని త్వరగా బయటికి. బాత్రూమ్ ఒకటే అయితే వాళ్లు వాడాక ఎగ్జాస్ట్ వేసి కాసేపు ఆగి వెళ్లడం. గిన్నెలకి మామూలు సబ్బు, బట్టలకి మామూలు పౌడర్, వేరే ఏ మందూ అక్కర్లేదు. ర్యాపిడ్ టెస్ట్ నెగెటివ్ వచ్చిందని ఊపిరి పీల్చుకోకుండా 48 గంటలాగి ఇంకోసారి చేయాలి, మొదటి రోజుల్లో అది చాలాసార్లు పట్టుకోలేదు. ఇవన్నీ చేసినా అంటొచ్చు, లక్షణాలు తెలిసేలోపే రెండు రోజులు కలిసి ఉన్నారు కదా. కానీ అప్పటికి అంటనివాళ్లకి ఇంకా అంటకుండా ఆపే అవకాశం ఉంటుంది, అందుకని వచ్చేసిందిలే అని తలుపులు బార్లా తీసేయకూడదు.

మీటర్ లేనివాళ్లకి ఒక మోటు పద్ధతి ఉంది. ముక్కు ఏ వాసనకైనా కొద్ది నిమిషాల్లో అలవాటు పడిపోతుంది, అందుకే గదిలోనే ఉన్నవాళ్లకి గాలి బాగానే ఉన్నట్టుంటుంది. లేచి ఆరుబయట ఓ పది నిమిషాలు తిరిగి, మళ్లీ ఆ గదిలోకి అడుగు పెట్టండి. గుమ్మంలోనే ఉక్కగా, మనుషుల వాసనగా అనిపిస్తే, ఇంతసేపూ మీరు పీల్చింది అదే.